నాయకత్వం బ్యాడ్జీతో రాదు

మన హైస్కూళ్లలో నాయకత్వం అంటే చాలాచోట్ల క్లాస్ లీడర్ బ్యాడ్జీయే. మార్కులు బాగా వచ్చేవాళ్లకో, చెప్పినమాట వినేవాళ్లకో టీచరే దాన్ని అప్పగిస్తారు. ఖాళీ పీరియడ్‌లో అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం, నోటుబుక్కులు పోగుచేసి స్టాఫ్‌రూమ్‌లో పెట్టడం ఆ లీడర్ పని. ఇందులో పిల్లలు సొంతంగా తేల్చుకోవలసింది ఏమీ లేదు. నిర్ణయమూ దాని ఫలితమూ తమవే అయినప్పుడు పిల్లలకు నాయకత్వం అలవడుతుంది. ఆ అవకాశం నాలుగు గోడల మధ్య కన్నా ఆరుబయటే ఎక్కువ.

బ్రిటన్‌లో ప్రిన్స్ ఫిలిప్ 1956లో ప్రారంభించిన డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు ఈ నమ్మకం మీదే నిలబడింది. విద్యావేత్త కర్ట్ హాన్ ఆలోచనలు దానికి ప్రేరణ; 1953 ఎవరెస్ట్ యాత్రకు నాయకత్వం వహించిన జాన్ హంట్ దాని తొలి సారథి. పోటీ లేదు, ర్యాంకులు లేవు. సేవ, వ్యాయామం, నైపుణ్యం, సాహసయాత్ర అనే భాగాలను పూర్తిచేసిన ప్రతివారికీ పురస్కారం దక్కుతుంది. తొలి మెట్టయిన కాంస్య స్థాయిలో నలుగురి నుంచి ఏడుగురు జట్టుగా రెండు పగళ్లు, ఒక రాత్రి బయట గడపాలి. దారి వాళ్లే ఎంచుకోవాలి, గుడారమూ తిండీ వాళ్లే మోసుకోవాలి. పెద్దలు దూరం నుంచి కనిపెట్టి ఉంటారే తప్ప దారి చూపించరు. జట్టులో ఒకరి కాలికి బొబ్బలెక్కితే ఆ సంచిలోని బరువు ఎవరు పంచుకోవాలి? నడక నెమ్మదిస్తే పొద్దుగూకేలోగా బసకు చేరగలమా? మ్యాప్‌లో దగ్గరదారి ఏదైనా ఉందా? జవాబు అక్కడికక్కడే, అందరూ కలిసి చెప్పుకోవాలి.

ఇది విదేశీ పిల్లలకే చెల్లుతుందనుకోనక్కర్లేదు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్ల శిక్షణ భువనగిరి బండల మీద మొదలై డార్జిలింగ్, లద్దాఖ్‌ల మీదుగా సాగింది. అయితే వాళ్లు ఏరికోరి ఎంపికైన ఇద్దరు. ప్రతి బడికీ కావలసింది శిఖరం కాదు, ఆ మొదటి బండ.

ప్రమాదం జరిగితే ఎవరు బాధ్యులని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిందే. పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కిన ఏడాదే జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో, లార్జి ప్రాజెక్టు నుంచి వదిలిన నీటి ఉద్ధృతికి హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ విషాదం నేర్పేది పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టమని కాదు. ముందస్తు పరిశీలన, స్థానిక హెచ్చరికలు, శిక్షణ పొందిన పర్యవేక్షకులు లేనిదే ఏ జట్టూ గడప దాటకూడదని. సరైన అవార్డు పథకంలో శిక్షణ, రిహార్సల్ నడక పూర్తయ్యాకే అసలు యాత్ర ఉంటుంది. పెద్దలు దూరంగా ఉండటమంటే పట్టించుకోకపోవడం కాదు.

చదువు దెబ్బతింటుందన్నది రెండో అభ్యంతరం. కాంస్య స్థాయిలో యాత్రను మినహాయిస్తే ఒక్కో భాగానికి పట్టేది వారానికి సుమారు గంట. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే ముగిస్తే పదో తరగతికి అడ్డే రాదు. ఖర్చు మాటా నిజమే. కానీ గుడారాలు ప్రతి బడీ కొనక్కర్లేదు, మండలానికి ఒక సెట్టు ఉంటే వంతులవారీగా వాడుకోవచ్చు. ఆడపిల్లల్ని పంపడానికి జంకే ఇళ్లకు మహిళా పర్యవేక్షకులు భరోసా ఇవ్వగలరు.

ఈ అవార్డు భారత్‌కు 1962లోనే వచ్చింది. స్కౌట్స్ అండ్ గైడ్స్‌కు రాజ్య పురస్కార్ ఎప్పటినుంచో ఉంది. కొత్త పథకం కనిపెట్టనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వీటిని ప్రతి ప్రభుత్వ హైస్కూలుకూ చేర్చి, శిక్షణ పొందిన టీచర్లను నియమిస్తే చాలు. డబ్బున్న బడుల పిల్లలకు అందే ఈ చదువు జిల్లా పరిషత్ బడి పిల్లలకూ హక్కుగా అందాలి.