చేతులు కలిపే డాన్సంటే ఎందుకంత భయం?

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్లో ఏటా ఒకటే వాదన. డాన్సులు, స్కిట్లు దండగ, వ్యాసరచన, వక్తృత్వం చాలు అనే సీనియర్లు ఒకవైపు. డాన్సు లేకపోతే స్టేజీ ముందు ఎవడు కూర్చుంటాడన్నా అనే తమ్ముళ్లు మరోవైపు. నేను తమ్ముళ్ల పక్షం. అయితే వాళ్ల కారణం వేరు, నా కారణం వేరు. నాది చెప్పాలంటే ముందు ఒక అమెరికా సినిమా గురించి చెప్పాలి.

ఆ సినిమా పేరు హెయిర్‌స్ప్రే. 1988లో వచ్చింది. టీనేజి పిల్లలు, డాన్సులు, గోపురంలా పైకి దువ్విన జుట్లు, వరసగా నవ్వులు. పైకి కనిపించేది ఇంతే. కథ 1962లో బాల్టిమోర్ నగరంలో జరుగుతుంది. ట్రేసీ బాగా లావుగా ఉండే తెల్లమ్మాయి. తల్లి ఇంట్లో ఇస్త్రీ పని చేస్తుంటుంది. ఊళ్లో పిల్లలంతా పడిచచ్చే టీవీ డాన్సు షోలో ట్రేసీకి చోటు దొరుకుతుంది. ఆ షోలో నల్లజాతి పిల్లలకు మాత్రం చోటు లేదు. వాళ్లకు నెలకొక రోజు విడిగా కేటాయించారు. ఆ రోజు పేరే 'నీగ్రో డే'.

ఇది కట్టుకథ కాదు. బాల్టిమోర్‌లో 1957 నుంచి 1964 దాకా బడ్డీ డీన్ షో అనే కార్యక్రమం నిజంగానే నడిచింది. వారానికి ఆరు రోజులు, బడి వదిలే వేళకు, లైవ్‌లో. పాటల్లో ఎక్కువ భాగం నల్లజాతి గాయకులవే. స్టెప్పులు కూడా చాలావరకు వాళ్ల పేటల్లో పుట్టినవే. కానీ కెమెరా ముందు ఆడేది తెల్లపిల్లలు. నల్లపిల్లలు రావాలంటే వాళ్లకని పెట్టిన రోజునే రావాలి. పాట కావాలి, పాడినవాడి తమ్ముడు మాత్రం పక్కన నిలబడకూడదు. మన డప్పు ఊరి పండక్కి కావాలి, కొట్టినవాడికి మాత్రం గుడి గడప అవతలే చోటు. మనకిది ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

1963లో కొందరు విద్యార్థులు నల్లపిల్లల రోజుకు టికెట్లు సంపాదించారు. ఆ రోజు తెల్లపిల్లలు కూడా వాళ్లతో కలిసి లోపలికి వెళ్లి లైవ్‌లో డాన్సు చేశారు. తర్వాత బెదిరింపులు వచ్చాయి. టీవీ స్టేషన్ ముందు రెండే దారులు మిగిలాయి: పిల్లల్ని కలిపి ఆడించడం, లేదా షో మానుకోవడం. 1964 జనవరిలో షోనే ఎత్తేశారు. ఊళ్లో అంత పేరున్న కార్యక్రమాన్ని చంపుకున్నారు గానీ రెండు రంగుల చేతులు కలవడానికి మాత్రం ఒప్పుకోలేదు!

ఎందుకంత భయం? ఒకే బస్సులో కూర్చోవడం వేరు, డాన్సు వేరు. డాన్సులో చెయ్యి పట్టుకోవాలి, కళ్లలోకి చూడాలి, నవ్వాలి. అది టీవీలో వస్తుంది, తెల్లవాళ్ల నట్టింట్లో కనిపిస్తుంది. అంటరానితనం అనే మాటలోనే అంటుకోవడం ఉంది. దాని గుట్టు రట్టు కావడానికి ఉపన్యాసం కంటే డాన్సే ఎక్కువ పనికొస్తుంది.

సినిమా తీసిన జాన్ వాటర్స్‌ది బాల్టిమోరే. చిన్నప్పుడు ఆ షో చూస్తూ పెరిగినవాడు. అంతకు ముందు ఆయన తీసినవన్నీ చవగ్గా, జనం ముక్కు మూసుకునేలా తీసిన సినిమాలు. 1985లో ఆ షోలో ఆడిన పాతవాళ్ల మీద ఒక పత్రికకు వ్యాసం రాశాడు. సినిమాకు విత్తనం అదే. ఖర్చు ఇరవై లక్షల డాలర్ల పైచిలుకు. అమెరికా లెక్కలో చాలా చిన్న మొత్తం. తన పాత నటుడు డివైన్ చేతనే తల్లి, కూతురు రెండు పాత్రలూ వేయిద్దామనుకున్నాడు, డబ్బు పెట్టేవాళ్లు ఒప్పుకోలేదు. అలా పద్దెనిమిదేళ్ల కాలేజీ అమ్మాయి రికీ లేక్‌కు ట్రేసీ పాత్ర దక్కింది. డివైన్ తల్లి వేషంతో పాటు టీవీ స్టేషన్ యజమాని వేషం కూడా వేశాడు. సినిమా విడుదలైన రెండు వారాల్లోపే, 42 ఏళ్లకే చనిపోయాడు.

కథలో నల్లవాళ్లను రానివ్వని వినోదాల పార్కు ఒకటి ఉంది. దానికీ నిజమైన మూలం ఉంది. బాల్టిమోర్ దగ్గర గ్విన్ ఓక్ పార్కు ముందు 1963 జులైలో నిరసన చేసి వందల మంది అరెస్టయ్యారు. ఆగస్టు 28న, మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్‌లో ప్రసంగించిన రోజునే, ఆ పార్కు గేటు అందరికీ తెరుచుకుంది. 1972 వరదల తర్వాత అది మూతపడింది. అందుకే షూటింగు పెన్సిల్వేనియాలోని మరో పార్కులో చేశారు.

నాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. పోరాటం నల్లపిల్లలది, హీరోయిన్ మాత్రం తెల్లమ్మాయి. సీవీడ్ అనే కుర్రాడు, అతని తల్లి మేబెల్ పక్కన నిలబడే పాత్రలు. మన మీద తీసిన సినిమాల్లో కూడా ఊరిని బాగుచేసే బాబు పైనుంచే దిగుతాడు కదా! పైగా సినిమాలో షో అందరిదీ అవుతుంది, నిజంలో మూతపడింది. ఈ రెండో విషయంలో వాటర్స్‌ను నేను తప్పు పట్టను. పిల్లలు గెలవాల్సిన చోట గెలిపించాడు. హీరోయిన్ విషయంలో మాత్రం పడతాను.

మేబెల్‌గా వేసిన రూత్ బ్రౌన్ గురించి తమ్ముళ్లు తెలుసుకోవాలి. 1950లలో ఆమె రికార్డులు అమ్మే అట్లాంటిక్ కంపెనీ నిలదొక్కుకుంది. 1960లలో గిరాకీ తగ్గాక అదే మనిషి ఇళ్లలో పనిచేసింది, స్కూలు బస్సు నడిపింది. తర్వాత పాత గాయకులకు రావాల్సిన రాయల్టీల కోసం ఏళ్ల తరబడి కొట్లాడి సాధించింది. సినిమాలో ఆమె కనిపించేది కాసేపే. నా కంటికి కథానాయిక ఆమే.

సీవీడ్‌ను ప్రేమించిన పెన్నీ అనే తెల్లమ్మాయిని వాళ్లమ్మ మానసిక వైద్యుడికి అప్పగిస్తుంది. ఆ పిచ్చి డాక్టరు వేషం వాటర్స్‌దే. హాలంతా నవ్వే సీను అది. మన ఊళ్లలో అలాంటి ప్రేమ ఎక్కడ తేలుతుందో గుర్తొచ్చి నాకు నవ్వు సగంలో ఆగింది.

తర్వాత ఈ కథ 2002లో బ్రాడ్‌వే నాటకమైంది, మరుసటి ఏడాది ఎనిమిది టోనీ అవార్డులు తెచ్చుకుంది. 2007లో జాన్ ట్రవోల్టా తల్లి వేషంలో పెద్ద ఖర్చుతో మళ్లీ సినిమా వచ్చింది. 2022లో పాత సినిమాను అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చారు. కొత్తది మెరుస్తుంది గానీ నా ఓటు పాతదానికే.

దాని నిడివి 92 నిమిషాలు. వార్డెన్ సారు ప్రొజెక్టరు ఇప్పిస్తే స్టడీ అవర్ అయ్యాక మెస్ హాల్లో వేసుకుందాం, పదిన్నరకల్లా అయిపోతుంది. డాన్సులు వద్దనే సీనియర్లు ముందు వరసలో కూర్చోవాలి. ఐటమ్‌ల జాబితా మర్నాడు రాసుకుందాం.