డబ్బా మీద డబ్బా



సావనీరు అనగానే కవితలు, కథలు, దేశ పరిస్థితుల మీద ఆవేశంతో రాసిన వ్యాసాలు గుర్తుకొస్తాయి. వాటి మధ్య ఇంట్లో గోడకు తగిలించుకునే వై-ఫై రౌటరు మీద వ్యాసమేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి. కాని నవ్వే ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. మీ ఇంట్లో నెట్టు నెమ్మదిస్తే మీరు మొదట అనే మాట ఏమిటి? "డబ్బా పాతదైపోయింది, కొత్తది కొందాం" అనే కదా! నేనూ అదే అన్నాను. ఆ ఒక్క మాట మా నాన్నకు మూడు వేల ఎనిమిది వందల రూపాయలు ఖర్చు పెట్టించింది. భౌతికశాస్త్రం చదువుతున్నానని చెప్పుకునే నేను, కొలవకుండా సలహా చెప్పాను. ఆ తప్పు ఒప్పుకోవడానికీ, అది నా ఒక్కడి తప్పు కాదని చెప్పడానికీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది పల్నాడులో ఒక పల్లెటూరు. సాగర్ కుడికాలువ కింద చివరి భూములు మావి. నాలుగెకరాల మిరప, కొంచెం పత్తి. ఇల్లు మా తాత కట్టింది. నడిమి గదికి మూరెడు మందాన రాతి గోడలు. ముందువైపు వసారా, వెనకవైపు ఈ మధ్య వేసిన స్లాబు గది. నెట్టు వైరు వసారాలోకి వస్తుంది కాబట్టి డబ్బా కూడా వసారా మూలన, ఇనప బీరువా మీద కూర్చుంది. మా చెల్లి ఇంటర్ రెండో సంవత్సరం. ఈఏపీసెట్ పాఠాలు ఫోనులో వింటుంది. దాని చదువు వెనక గదిలో. అక్కడ పాఠం రెండు నిమిషాలు నడిచి నాలుగు నిమిషాలు ఆగుతుంది. చివరికి అది పుస్తకాలు చంకన పెట్టుకొని, దుప్పటి కప్పుకొని, రాత్రిపూట మంచులో వసారా మెట్ల మీద కూర్చొని చదవడం మొదలుపెట్టింది.

నాన్న హాస్టలుకు ఫోను చేశాడు. "ఏరా అబ్బాయ్, చెల్లికి నెట్టు అందట్లేదంట. ఏం చేద్దాం?" అన్నాడు. నేను మెస్సు క్యూలో ఉన్నాను. "పాత డబ్బా నాన్నా, మార్చెయ్యండి" అన్నాను. అంతే. నాన్న టౌనుకు వెళ్ళాడు. కొట్టతను నాలుగు యాంటెన్నాల డబ్బా తీసి, "ఇది పెడితే ఊరంతా వస్తుంది బాబాయ్" అన్నాడట. మిరపకు ఒక తడవ మందు కొట్టడానికి పక్కన పెట్టిన డబ్బు దానికి పోయింది. ఆ తడవ మందు వారం ఆలస్యంగా, మందుల కొట్లో ఖాతా రాయించి కొట్టవలసి వచ్చింది.

కొత్త డబ్బా పాత డబ్బా కూర్చున్న చోటే, అదే బీరువా మీద కూర్చుంది. చెల్లి మాత్రం మళ్ళీ వసారా మెట్ల మీదే కూర్చుంది.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి చూసి సిగ్గుపడ్డాను. అప్పుడు మొదలుపెట్టాను, మొదట చేయవలసిన పని. కొలవడం.

కాలువ కింద రైతుకు ఒక లెక్క తెలుసు. చివరి భూమికి నీరు అందకపోతే తప్పు మూడు చోట్ల ఉండవచ్చు. పైనుంచి నీరే రాకపోవచ్చు. తూము చిన్నది కావచ్చు. లేదా పిల్లకాలువలో గండి ఉండవచ్చు. లస్కరును తిట్టే ముందు రైతు గట్టు వెంబడి నడిచి చూస్తాడు. నేనూ అలాగే గట్టు వెంబడి నడిచాను.

మొదటి మెట్టు, పైనుంచి వచ్చే నీరు. స్నేహితుడి ల్యాప్‌టాప్ తెచ్చి డబ్బాకు వైరుతోనే కలిపి చూశాను. సెకనుకు 39 మెగాబిట్లు వచ్చింది. మేము నెలనెలా కట్టేది 40 మెగాబిట్ల పథకానికి. అంటే లైనులో లోపం లేదు. ఇక ఎంత గొప్ప డబ్బా తెచ్చినా ఈ 40ని 41 చేయలేదు. డబ్బా నీటిని పంచుతుంది గాని పుట్టించదు.

రెండో మెట్టు, తూము. కొత్త డబ్బా అట్ట మీద 1500 అని పెద్ద అంకె ఉంది. ఆ అంకె కథ విచారిస్తే నవ్వొచ్చింది. 2.4 గిగాహెర్ట్‌జ్ మీద 300, 5 గిగాహెర్ట్‌జ్ మీద 1201, రెండూ కూడి గుండ్రం చేస్తే 1500. అదీ పుస్తకంలో లెక్క, ఇంట్లో వచ్చేది కాదు. పైగా మామూలు ఫోను ఒకసారికి ఒక దాని మీదే నడుస్తుంది. రెండు ఎద్దుల బలం కలిపి చెప్పి, మనకు ఒక ఎద్దును అమ్మినట్టు ఉంది ఈ బేరం. పాత డబ్బా తూము మాటకొస్తే, దాని వైరు పోర్టు సెకనుకు 100 మెగాబిట్ల వరకు పంపగలదు. మా 40కి అది చాలు. మా పథకం 200 అయి ఉంటే అప్పుడు ఆ పోర్టే అడ్డమయ్యేది, అప్పుడు డబ్బా మార్చడం న్యాయమే.

మూడో మెట్టు, పిల్లకాలువ. ఫోనులో సిగ్నల్ బలం చూపే ఉచిత యాప్ ఒకటి వేసుకొని గది గదికీ తిరిగాను. ఈ బలాన్ని డీబీఎం అనే కొలతతో చెబుతారు. అంకె ముందు మైనస్ గుర్తు ఉంటుంది. పది తగ్గితే బలం పదో వంతుకు పడిపోయినట్టు. వసారాలో మైనస్ 38 ఉంది. రాతి గోడ దాటి నడిమి గదిలో మైనస్ 66. ఇంకో గోడ దాటి వెనక గదిలో మైనస్ 84. అంటే వసారాలో ఉన్న బలంలో దాదాపు 40 వేల వంతుల్లో ఒక వంతు మాత్రమే మా చెల్లి దగ్గరకు చేరుతోంది! ఇది 2.4 సంగతి. కొత్త డబ్బా ప్రత్యేకత అని చెప్పిన 5 గిగాహెర్ట్‌జ్ వెనక గదిలో అసలు కనబడనే లేదు.

ఎందుకని? ఇంటర్‌లో మనమంతా రాసిన సూత్రమే. కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 2.4కు అది 12.5 సెంటీమీటర్లు, 5కు దాదాపు 6 సెంటీమీటర్లు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ మామూలుగా గోడల్లో నష్టం పెరుగుతుంది. 5 వేగంగా మోస్తుంది గాని గోడ దాటడంలో బలహీనం. దూరం రెట్టింపయితే బలం నాలుగో వంతవుతుందన్నది గోడలు లేని చోట మాట. రాయి, ఇనప చువ్వల స్లాబు, నీళ్ళ ట్యాంకు అడ్డమొస్తే ఇంకా పోతుంది. ఇనప బీరువా సరేసరి, తరంగాన్ని వెనక్కి తిప్పికొడుతుంది.

"అయితే ఇంకా బలమైన డబ్బా తెస్తే సరిపోతుంది కదా?" అని మా బాబాయి అడిగాడు. సరిపోదు. గుడి మైకు మన పొలం దాకా వినిపిస్తుంది. పొలంలో నుంచి మనం పలికితే గుడిలో పూజారికి వినబడుతుందా? వై-ఫై ఒకవైపు మాట కాదు. డబ్బా మాట ఫోనుకు చేరాలి, ఫోను మాట డబ్బాకు చేరాలి. ఫోను గొంతు చిన్నది. డబ్బా గొంతు ఎంత పెంచినా ఫోను గొంతు పెరగదు.

తరువాత నేను చేసిన పని చాలా చిన్నది. డబ్బాను బీరువా మీద నుంచి దింపి, నడిమి గది గుమ్మానికి ఎదురుగా చెక్క బల్ల మీద పెట్టాను. పైసా ఖర్చు లేదు. వెనక గదిలో మైనస్ 84 కాస్తా మైనస్ 77 అయింది. ఇంకా చాలదు. అప్పుడు ఇరవై మీటర్ల ల్యాన్ వైరు కొని, దూలాల వెంబడి వెనక గది దాకా లాగి, అటకెక్కించిన పాత డబ్బాను దించి దానికి కలిపాను. పాతదాని అడ్రసు మార్చి, డీహెచ్‌సీపీ ఆపేసి, వైరును ల్యాన్ పోర్టులో గుచ్చాను. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టాను. ఛానళ్ళు మాత్రం వేరు, ఒకటి 1 మీద, రెండోది 11 మీద. మొత్తం ఖర్చు నాలుగు వందల లోపు. వెనక గదిలో మైనస్ 50, సెకనుకు 36 మెగాబిట్లు!

చెల్లి ఆ రాత్రి వెనక గదిలో మంచం మీద కూర్చొని పాఠం వింది. నాన్న గుమ్మంలో నిలబడి అటకను, పాత డబ్బాను, నన్ను మార్చి మార్చి చూసి, "చదువుకునేవాడివి, ఈ పని ముందే చేస్తే మందు డబ్బులు మిగిలేవి గదరా" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

మిత్రులారా, కొత్తది కొనవద్దని నేను చెప్పడం లేదు. విజ్ఞానం ముందుకు పోతూనే ఉంటుంది. 1997లో వచ్చిన మొదటి వై-ఫై ప్రమాణం సెకనుకు 2 మెగాబిట్లు మోసేది. ఈనాటి డబ్బాలను చూస్తే అది తాతల కాలం ముచ్చట. మీ పథకం వేగం పాత డబ్బా పోర్టును మించిపోతే మార్చండి. ఇంట్లో పది పదిహేను ఫోన్లు, టీవీలు ఒకేసారి నడుస్తూ, అవి కూడా వై-ఫై 6 అర్థం చేసుకునేవైతే మార్చండి. కంపెనీ భద్రతా సవరణలు పంపడం మానేసి ఉంటే, లేదా డబ్బాలో డబ్ల్యూపీఏ2 స్థాయి తాళం కూడా లేకపోతే తప్పకుండా మార్చండి. వైరు లాగే వీలు లేని అద్దె ఇంట్లో మెష్ డబ్బాలు కొనుక్కోండి. కాని ఒకే రేడియోతో నడిచే చౌక రిపీటరు జోలికి పోయేముందు ఆలోచించండి. అది విన్న మాటను మళ్ళీ అదే ఛానల్‌లో చెప్పాలి గనుక వేగం దాదాపు సగమవుతుంది. ఏది చేసినా కొలిచి చేయండి. నా వాదమంతా ఇదే.

ఇక మన హాస్టలు సంగతి. యూనియన్ మిత్రులు ఈ ఏడు మెమొరాండంలో "కొత్త రౌటర్లు కావాలి" అని రాశారు. నేనూ సంతకం పెట్టాను. ఇప్పుడైతే ఆ వాక్యం మార్చమంటాను. మా గదిలో నిలబడి చూస్తే నా ఫోనుకు పధ్నాలుగు వై-ఫై పేర్లు కనబడ్డాయి. అందులో తొమ్మిది 6వ ఛానల్ మీదే. కొన్ని హాస్టలువి, మిగతావి గదుల్లో మనవాళ్ళు పెట్టుకున్నవి. 2.4లో ఒకదానికొకటి అడ్డం రాని ఛానళ్ళు 1, 6, 11 మూడే. ఒక ఛానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆగాలి. తొమ్మిది డబ్బాల పక్కన పదో డబ్బా పెడితే వేగం పెరగదు, వరుస పెరుగుతుంది.

గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో మన సుప్రీంకోర్టు చెప్పింది. 2.4 గిగాహెర్ట్‌జ్‌ను మన దేశంలో 2005లో లైసెన్సు అక్కరలేకుండా అందరికీ వదిలారు. అది ఊరుమ్మడి బీడులాంటిది. ఎవరి గొడ్లు వారు ఇష్టం వచ్చినట్టు తోలితే ఎవరికీ గడ్డి మిగలదు. గదికొక డబ్బా కొనుక్కొని "నా నెట్టు నాది" అనుకునే పద్ధతి ఇదే. డబ్బున్న గదికి కాస్త అందుతుంది, లేనివాడి గదికి రొద మిగులుతుంది. అందుకే మనం అడగవలసింది వేరు. ముందు హాస్టలుకు వచ్చే లైను ఎంతో కొలిచి నోటీసు బోర్డు మీద పెట్టమందాం. ప్రతి అంతస్తుకూ వైరు లాగించమందాం. వరండా చివర ఒక పెద్ద డబ్బాకు బదులు, నాలుగైదు గదులకొకటి చొప్పున తక్కువ బలంతో, పక్కపక్కవి వేర్వేరు ఛానళ్ళతో పెట్టించమందాం. అది జరిగిన రోజున గదుల్లోని సొంత డబ్బాలు మనమే కట్టేద్దాం.

చివరగా ఒక మాట. 2021లో మా వైపు మిరపకు నల్ల తామర పురుగు పడింది. అదేమిటో తేలకముందే రైతులు డబ్బా మీద డబ్బా మందు కొట్టారు. కొట్టతను ఏది చెబితే అది. అప్పు పెరిగింది, పురుగు మిగిలింది. ఆరోజు నాకు కోపమొచ్చింది, చదువుకున్నవాళ్ళు ఎవరూ వచ్చి చెప్పలేదేమని. ఇప్పుడు నేను చదువుకున్నవాణ్ణి. నా ఇంట్లోనే మందు డబ్బాకు బదులు రౌటరు డబ్బా కొనిపించాను. కొట్టతనికీ నాకూ తేడా ఏముంది? అతనికి లాభమైనా వచ్చింది.

అందుచేత సైన్సు మిత్రులకు నా విన్నపం. ఈ వేసవి సెలవుల్లో మన ఊళ్ళకు వెళ్ళినప్పుడు ఒక్కొక్కరం పది ఇళ్ళు తిరుగుదాం. వైరుతో ఎంత వస్తుందో, గదిగదికీ బలం ఎంతో ఒక కాగితం మీద రాసి ఇంటివాళ్ళ చేతిలో పెడదాం. డబ్బాను బీరువా మీద నుంచి దింపుదాం. కొనవలసినవాళ్ళకు ఏది కొనాలో చెబుదాం, అక్కరలేనివాళ్ళకు అక్కరలేదని చెబుదాం. ఆ కాగితాలు తెచ్చి వచ్చే ఏడు సావనీరులో వేద్దాం. మా ఊరి పది ఇళ్ళ లెక్క నేను తెస్తాను. మీరూ తెండి.