నలభై నాలుగో నంబరు రోడ్డు

విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా బస్సులో యాభై కిలోమీటర్లుంటుంది. మధ్యలో సాత్తూరు. దారి పొడవునా నల్లరేగడి, అక్కడివాళ్లు దాన్ని కరిసల్ అంటారు. నేను అనంతపురం వాణ్ని. మా జిల్లా మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే అక్కడా పోతుంది. రోడ్డే కాదు, చాలా ఇళ్లలో భాష కూడా మనదే. ఆ చుట్టుపక్కల కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకులు తరతరాలుగా తెలుగు మాట్లాడుకుంటున్నారు. అక్షరాలు రావు గానీ మాట పోలేదు. తమిళంలో గొప్ప కథకుడైన కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి దగ్గర ఇడైచెవల్‌లో అలాంటి తెలుగింట్లోనే పుట్టాడు.

బస్సులో నా పక్కన కూర్చున్నదీ అలాంటి ఇంటి అమ్మాయే. వ్యసనంలో పడ్డ మెదడు నిర్ణయాలు ఎలా తీసుకుంటుందన్న విషయం మీద పరిశోధన చేస్తోంది. ఊరింకా రెండు మైళ్లుందనగా కండక్టరు "కోవిల్‌పట్టి" అని కేకేశాడు. నాకు నోట్లో నీళ్లూరాయి. కోవిల్‌పట్టి అంటే కడలమిఠాయి. వేయించిన చెనక్కాయ పప్పు, బెల్లంపాకం, అంతే. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెనక్కాయల జిల్లావాణ్ని కదా, నాకది ప్రాణం. ఆ మాటే చెబితే ఆమె నవ్వింది. "మిఠాయి ఇంకా అంగట్లోనే ఉంది సార్, మీ మెదడు అప్పుడే కొనేసింది" అంది.

ఆ మాట వెనక నాడీశాస్త్రవేత్త వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతులున్నాయి. ఆయన కోతులకు పండ్లరసం చుక్క చుక్కగా ఇస్తూ వాటి మెదడులోని డోపమైన్ కణాలను కనిపెట్టి చూశాడు. మొదట్లో రసం నాలుక మీద పడ్డప్పుడు ఆ కణాలు ఒక్కసారి ఎగిసిపడేవి. రసానికి ముందు దీపం వెలగడం అలవాటయ్యాక, అదే ఎగిసిపాటు దీపం దగ్గరికి జరిగింది. రసం వచ్చినప్పుడు మరేమీ లేదు. దీపం వెలిగి రసం రాని రోజున మాత్రం, సరిగ్గా రావలసిన క్షణానికి కణాలు చప్పబడిపోయేవి. మద్యం విషయంలో ఇంకో చిక్కుంది. రసంలా కాకుండా అది తనంత తాను డోపమైన్‌ను పెంచుతుంది. అందుకే నేర్చిన పాఠం ఓ పట్టాన పాతబడదు.

తాగుడు మానాలనుకునే మనిషికి వైన్ షాపు బోర్డే ఆ దీపం. దాన్ని చూసి, తాగకుండా దాటిపోతే చేతిలోది జారిపోయినట్టుంటుంది. ఆ వెలితితోనే రోజూ ఇంటికి నడవాలి. మనమేమో "మనసు గట్టి చేసుకోలేవా" అంటాం. తనకు తెలియకుండానే మనసు సగం దారి నడిచేశాక అడిగే ప్రశ్న అది.

2017 మార్చిలో షుల్ట్జ్‌కు, పీటర్ డేయన్, రే డోలన్‌లతో కలిపి బ్రెయిన్ ప్రైజ్ ప్రకటించారు. ఆ నెలాఖరుకే జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కనున్న మద్యం దుకాణాలకు సుప్రీంకోర్టు పెట్టిన గడువు తీరిపోయింది. ఆ కేసు మొదలైంది తమిళనాట, బాలు అనే న్యాయవాది మద్రాసు హైకోర్టులో వేసిన పిటిషన్‌తో. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు అయిదువందల మీటర్ల దూరం పెట్టింది. తర్వాత ఇరవైవేల జనాభా లోపు ఊళ్లకు దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. కోర్టు చూసింది రోడ్డు ప్రమాదాలను. వ్యసనపరుడి మెదడు సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదు. అయినా తమిళనాట మూడు వేలకు పైగా టాస్మాక్ (ప్రభుత్వ మద్యం) దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డాయి. దీపాలు ఆరిపోయాయి.

కొన్నాళ్లే. రోడ్డు మీంచి లేచిన దుకాణాలకు వీధుల్లో చోటు వెతకడం మొదలైంది. అప్పుడు ఆడవాళ్లు బయటికొచ్చారు. ఆ ఏప్రిల్, మే నెలల్లో ఊరూరా కొత్త దుకాణాల ముందు బైఠాయించారు. మా వీధిలో వద్దు, బడి దారిలో వద్దు అన్నారు. నాకు ఆ పట్టుదల షుల్ట్జ్ ప్రయోగమంత విలువైనదిగా అనిపిస్తుంది. దీపం ఎక్కడ వెలుగుతోందో వాళ్లకు ఏ శాస్త్రమూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ జులైలోనే, పురపాలక హద్దుల్లో ఈ దూరం నిబంధన వర్తించదని కోర్టు సడలింపు ఇచ్చింది.

తమిళనాడు తాగుడును జయించిందని నేననను. చిల్లర మద్యం మొత్తం 2003 నుంచీ ప్రభుత్వమే అమ్ముతోంది. కానీ అక్కడ వాదన దుకాణం ఎక్కడుంది, ఎన్నింటికి తెరుస్తుంది అన్నదాకా వచ్చింది. 2016లో జయలలిత అయిదువందల దుకాణాలు మూయించి, పొద్దున పదింటికి తెరిచేవాటిని మధ్యాహ్నం పన్నెండుకు జరిపింది. 2023లో మరో అయిదువందలు మూశారు. నా లెక్కలో పొద్దుటి ఆ రెండు గంటలు ఔషధంతో సమానం.

మన దగ్గర మాత్రం, ఉంటే అంతా, లేకపోతే ఏమీ లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద లేచి నిలబడ్డారు. 1993 అక్టోబరులో సారా పోయింది, 1995లో మద్యం మొత్తం పోయింది, 1997లో తిరిగొచ్చింది. నిషేధమా, ఖజానాకు ఆదాయమా అన్న కొట్లాటలోనే ఇన్నేళ్లు గడిచాయి. మధ్యలో దొంగచాటుగా మద్యం అమ్మే బెల్టు షాపు పల్లె నడిబొడ్డున కూర్చుంది. వైన్ షాపుకైతే లైసెన్సుంది, బోర్డుంది, వేళలున్నాయి, తప్పుకుని పోవడానికి వేరే దారీ ఉంది. బెల్టు షాపుకు అవేవీ లేవు.

మా చిన్నమామ నలభై రోజులు డీ-అడిక్షన్ సెంటర్లో ఉండి వచ్చాడు. మెయిన్ రోడ్డు మీది వైన్ షాపు కంటపడకుండా చెరువుకట్ట మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరడం తనే అలవాటు చేసుకున్నాడు. కానీ క్వార్టర్ సీసాలు మా వీధి చివరి అంగట్లోనే, బియ్యం మూటల వెనక గోనెపట్ట కింద ఉంటాయి. ఆరు నెలలుగా ఇంట్లోకి ఉప్పూ చింతపండూ అత్తే వెళ్లి తెచ్చుకుంటోంది.