మా డ్యూటీ చార్ట్ నెల ముందే ఇప్పించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,



నేను విజయవాడలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఇల్లు అజిత్‌సింగ్‌నగర్‌లో. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పని చేస్తారు. ఇద్దరు పిల్లలు, మంచంలో ఉన్న అత్తగారు. వీళ్ళతో పాటు నాకో వీణ కూడా ఉంది. ఆ వీణ గురించే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

అది నూజివీడులో చేసిన పనసకర్ర వీణ. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది, దివిసీమలో వడ్లు అమ్మిన డబ్బుతో నాన్న కొనిచ్చారు. సత్యనారాయణపురంలో ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకుంటున్నాను. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు సంగీతంలో శిష్యులను తయారు చేసిన ఊరు మా విజయవాడ. ఆ శిష్యుల్లో ఒకరైన బాలమురళీకృష్ణ గారు ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్. ఇలాంటి ఊళ్ళో ఉంటూ పంతొమ్మిదేళ్ళలో నేను వర్ణాలు దాటి కీర్తనల్లోకి వెళ్ళలేకపోయాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద మా పేట మీద పడినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. రావాల్సినవాళ్ళు నీళ్ళలో చిక్కుకుపోయారు కాబట్టి ఉన్నవాళ్ళమే రెండు రోజులు వార్డు చూసుకున్నాం. అలాంటి రోజున ఏ నర్సూ గడియారం చూసుకోదు, నేనూ చూసుకోలేదు. నీళ్ళు తీశాక ఇంటికెళ్తే ఫ్రిజ్, పరుపులు, బియ్యం అన్నీ పోయాయి. అటక మీద మాత్రం పిల్లల సర్టిఫికెట్లు, వాటి పక్కన దుప్పటి చుట్టిన వీణ ఉన్నాయి. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మా ఆయన పైకెక్కించినవి ఆ రెండే.

ఆ అక్టోబరులో, మూలా నక్షత్రం రోజు, కొండమీద అమ్మవారు సరస్వతీ అలంకారంలో ఉండగా మా టీచర్ గారింట్లో శిష్యులంతా వాయించాలి. నా వంతు కూడా ఉంది. నెల ముందే ఆఫ్ అడిగాను, ఇచ్చారు. ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది: ‘సిస్టర్, రేపు మార్నింగ్ రావాలి, మనుషుల్లేరు.’ వెళ్ళాను. వరదకు దక్కిన వీణ ఆ ఫోన్‌తో మూగబోయింది. తర్వాత ఆరు నెలలు దాన్ని ముట్టుకోలేదు.

రోగులు బాధపడుతుంటే వీణేమిటమ్మా అని ఎవరైనా అడగొచ్చు. రాత్రంతా నిలబడి పనిచేసి, మధ్యాహ్నం నిద్ర లేక, మళ్ళీ రాత్రికి వచ్చిన మనిషి ఇంజెక్షన్ మోతాదు లెక్క కడుతుంటే పక్కన నిలబడి చూడండి. నర్సుకు విశ్రాంతి, తనదంటూ కాసింత సమయం మిగలడం రోగికే మేలు. గంటసేపు సాధన చేసి వెళ్ళిన రోజు పసిపిల్ల చేతిలో నరం దొరక్కపోతే రెండోసారి వెతికే ఓపిక నాకుంటుంది. తల్లి అరిస్తే ఆ కోపం భయంలోంచి వస్తోందని అర్థమవుతుంది.

ఇది నా ఒక్కదాని కథ కాదు. మొవ్వ నుంచి వచ్చిన మా తోటి నర్సు ఒకతె పెళ్ళయ్యాక గజ్జెలు బీరువాలో పెట్టేసింది. గుడివాడ నుంచి రోజూ రైల్లో వచ్చే ఇంకో సిస్టర్ కథలు రాస్తుంది, సగం సగం. 1957లో మా ఊరి నుంచి లోక్‌సభకు వెళ్ళిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ గారు వైద్యం చేస్తూనే ప్రసూతి, శిశుపోషణల మీద పుస్తకం రాశారు. డాక్టర్ కొమ్మూరి వేణుగోపాలరావు గారు ‘హౌస్ సర్జన్’ నవల రాశారు. కానీ రాత్రంతా రోగి పక్కన ఉండేది మేము. మేం చూసింది మా మాటల్లో రాసిన నవల నాకింకా కనిపించలేదు. రాయగలవాళ్ళు మాలో ఉన్నారు. వాళ్ళకి రేపటి రోజు తమదో కాదో తెలియదు.

ఇచ్చిన ఆఫ్ ఇలా పోవడానికి కారణం అందరికీ తెలిసిందే. ఒకరికి జ్వరమొస్తే ఆ చోట నిలబడే మనిషి ఉండరు, అందుకే ఆఫ్‌లో ఉన్నవాళ్ళకి ఫోన్ వస్తుంది. సెలవుల కోసం 30 శాతం అదనపు సిబ్బందిని లీవ్ రిజర్వ్‌గా ఉంచాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలు చెబుతున్నాయి. ప్రైవేటు నర్సుల కోసం 2016లో సుప్రీంకోర్టు చెప్పగా వేసిన కమిటీ, చిన్న ఆసుపత్రుల్లో సైతం జీతం 20,000 రూపాయలకు తగ్గకూడదంది. సెలవులు, పనిగంటలు ప్రభుత్వ ఆసుపత్రులతో సమానంగా ఉండాలంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 ప్రసూతి చట్ట సవరణ చెప్పింది. ఇవన్నీ రాసి ఉన్నవే, అమలు కావాలి.

మే 12న నర్సుల దినోత్సవానికి శాలువాలు కప్పుతారు. ఆ గౌరవానికి కృతజ్ఞతలు. ఈసారి శాలువాకు బదులు ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. ప్రభుత్వమైనా ప్రైవేటైనా, డ్యూటీ చార్ట్ నెల ముందే గోడ మీద పెట్టాలి. వరద, ప్రమాదం లాంటి అత్యవసరాల్లో తప్ప ఆ నర్సు ఒప్పుకోకుండా మార్చకూడదు. మారిస్తే వారంలోపు ఆ ఆఫ్ తిరిగివ్వాలి. పిల్లల కేంద్రం నైట్ డ్యూటీ వేళల్లో కూడా తెరిచి ఉండాలి. లీవ్ రిజర్వ్ పోస్టులు నింపితే ఇవన్నీ సాధ్యమే.

మా టీచర్ గారికి డెబ్బై ఆరేళ్ళు. ఫోన్ చేసిన ప్రతిసారీ ‘మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?’ అని అడుగుతారు. ‘చూసి చెప్తానండీ’ అంటూ వస్తున్నాను. ఒక్కసారైనా ఆవిడకు తారీఖు చెప్పి, ఆ తారీఖున వెళ్ళి కూర్చోవాలని ఉంది.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ