సభాకంపం : స్వభావదోషమా? పాఠదోషమా?

ప్రాచ్యకళాశాలలో చదివే విద్యార్థులలో పెక్కుమంది చేపట్టేది బోధనవృత్తి. ప్రాచ్యభాషలో పట్టం పొంది, పండిత శిక్షణ ముగించి, పాఠశాలలో అడుగు పెట్టిన నాటి నుండి పదవీవిరమణ పర్యంతం వారు ప్రతిదినం తరగతి ఎదుట నిలిచి మాట్లాడవలసినవారే. వారి జీవిక వాక్కు. ఐనా ఆ వాక్కును సిద్ధపరచవలసిన విద్యాకాలమంతా వ్రాతపరీక్షల చుట్టూ తిరుగుతున్నది. ప్రతిపదార్థం వ్రాయగలిగిన విద్యార్థి, సంధిసమాసాలను తడబాటు లేకుండా కాగితం మీద విడదీయగలిగిన విద్యార్థి, అదే విషయాన్ని లేచి నిలబడి చెప్పవలసి వచ్చినప్పుడు నోరు మెదపలేకపోవడం తరగతిలో నిత్యం కనిపించే దృశ్యమే.

ఆ క్షణంలో అధ్యాపకుని నోట సాధారణంగా వెలువడే తీర్పు ఒకటున్నది. "వీడికి తెలివి ఉన్నది గాని నోరు లేదు" అంటారు. ఇక ఆ విద్యార్థిని మళ్లీ లేపరు. జాలితోనో, పాఠం కుంటుపడుతుందనే తొందరతోనో అతనిని విడిచిపెట్టి, ముందు వరుసలో కూర్చున్న నలుగురైదుగురు వాచాలురను మాత్రమే అడుగుతారు. ఈ తీర్పు సభాకంపాన్ని పుట్టుకతో వచ్చిన స్వభావంగా భావిస్తున్నది. శాస్త్రసంప్రదాయం మాత్రం అట్లా భావించలేదు. ప్రాచ్యవిద్యాలయాలు తమ చేతిలోని శాస్త్రాన్ని ఈ విషయంలో సంప్రదించకపోవడమే శోచనీయం.

పాణినీయశిక్ష పాఠకునికి ఉండవలసిన ఆరు గుణాలను చెప్పింది. మాధుర్యం, అక్షరవ్యక్తి, పదచ్ఛేదం, సుస్వరం, లయసామర్థ్యం అనేవాటి సరసన ధైర్యాన్ని గూడ చేర్చింది. అధమపాఠకులను లెక్కించేటప్పుడు తొందరగా చదివేవానిని, తల ఊపేవానిని, వ్రాసినదాన్ని చూచి చదివేవానిని, అర్థం తెలియనివానిని, గొంతు పెగలనివానిని పేర్కొన్నది. పాఠదోషాల పట్టికలో అస్పష్టతతో, అనునాసికతతో పాటు శంకితాన్ని, భీతాన్ని గూడ పరిగణించింది. ఈ కూర్పులో గమనింపదగిన విశేషమున్నది. భయపడుతూ పలకడమనేది ఇక్కడ ముక్కుతో పలకడం వంటి దోషమే. ముక్కుతో పలికేవానిని "వీడింతే" అని ఏ గురువూ వదలిపెట్టడు. సంత చెప్పించి, మళ్లీ మళ్లీ పలికించి దిద్దుతాడు. అట్లాగే భీతమూ దిద్దదగినదే. ధైర్యం పదచ్ఛేదం వలె అభ్యాసంతో అలవడే గుణమే. వేదపాఠాన్ని ఉద్దేశించి చెప్పిన ఈ వివేకం తరగతి ఉపన్యాసానికి గూడ సంపూర్ణంగా అన్వయిస్తుంది.

సభాకంప లక్షణాలను పరిశీలిస్తే మరొక సత్యం తెలుస్తుంది. కాళ్లు కదలకపోవడం, చెమట పట్టడం, గొంతు మారడం, చేతులు వణకడం, ముఖం పాలిపోవడం అనేవి వరుసగా భరతుడు చెప్పిన స్తంభం, స్వేదం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం. సాత్త్వికభావాలు ఎనిమిదింటిలో ఐదు అక్కడే కనిపిస్తున్నవి. ఐతే ఇవి ఒక్క భయానకానికే చెందినవి కావు. కంపం భయం వలన పుట్టినట్లే హర్షం వలన, రోషం వలన గూడ పుడుతుందని నాట్యశాస్త్రం సప్తమాధ్యాయం చెబుతున్నది. కనుక వణుకుతున్న చేయి భయానికి నిస్సందేహమైన సాక్ష్యం కాదు. దాని వెనుక ఉన్నది ఉత్సాహం గూడ కావచ్చు. 2014లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రకటించిన పరిశోధన ఈ భావనకు దగ్గరగా వచ్చింది. ఉపన్యాసానికి ముందు "శాంతించాలి" అనుకొన్నవారి కంటె "నాకు ఉత్సాహంగా ఉన్నది" అనుకొన్నవారు మెరుగుగా మాట్లాడినట్లు ఆమె పరీక్షలలో తేలింది. గుండెదడను అణచడం కష్టం; దానికి వేరొక పేరు పెట్టడం సులభం. ఈ విషయం విద్యార్థికి చెప్పడానికి అలంకారశాస్త్రాధ్యాపకుని కంటె అర్హుడెవరు?

సభాకంపాన్ని పెంచేది మరొక భ్రాంతి. తన లోపలి అలజడి అందరికీ కనిపిస్తున్నదని వక్త అనుకొంటాడు. కనిపిస్తున్నదనుకోవడంతో అలజడి ఇనుమడిస్తుంది. శావిట్‌స్కీ, గిలోవిచ్ అనే మనశ్శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిన అధ్యయనంలో, వక్తలు తమ కంగారు శ్రోతలకు ఎంత కనిపిస్తుందని ఊహించారో అంత కనిపించలేదని తేలింది. ఈ సత్యాన్ని ముందుగా తెలిపినప్పుడు వారి ఉపన్యాసాలు మెరుగుపడినవి. కాబట్టి మాట్లాడి కూర్చున్న విద్యార్థితో "బాగా భయపడ్డావే" అనడం ఆ భ్రాంతికి ముద్ర వేయడమే. "నీవు చెప్పిన అన్వయం మాకు తెలిసింది నాయనా" అంటే చాలు. మరునాడు అతడు తిరిగి లేస్తాడు.

సభాకంపం శాశ్వతం కాదనడానికి గాంధీజీ జీవితమే నిదర్శనం. ఇంగ్లండులో న్యాయవాదిపట్టా పొంది 1891లో తిరిగివచ్చిన తరువాత బొంబాయి చిన్న వ్యాజ్యాల న్యాయస్థానంలో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, నోట మాట రాక కూలబడి, తీసికొన్న 30 రూపాయల రుసుమును తిరిగి ఇచ్చివేసినట్లు ఆయనే ఆత్మకథలో వ్రాసికొన్నారు. 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల సమావేశంలో చేసిన ప్రసంగాన్ని తన తొలి బహిరంగోపన్యాసంగా చెప్పుకొన్నారు. వ్యాపారంలో సత్యం పాటించడమనే విషయాన్ని ముందే ఆలోచించుకొని వెళ్లారు. ఆ రెండు సందర్భాలకు నడుమ మారినవి పరిస్థితులు. తగినంత సిద్ధమైన విషయం, పరిమితమైన సభ, ఎదుటివారికి నిజంగా చెప్పవలసిన మాట ఉండడం ఆయనను మాట్లాడించినవి. తరగతిలో అధ్యాపకుడు కల్పించవలసినవీ ఈ మూడే.

ప్రస్తుతం కళాశాలలలో కనిపించే చికిత్స వక్తృత్వపు పోటీ. ఏడాదికి ఒకటి రెండు పర్యాయాలు వేదిక కట్టి, బహుమతులు ఇచ్చి, వాగ్ధాటిని ప్రోత్సహిస్తారు. పోటీకి పేరిచ్చేవారు ముందే మాట్లాడగలిగినవారు. మాట్లాడలేనివారు చప్పట్లు కొట్టేవారిగానే మిగులుతారు. పాల్గొన్నవారిలోనూ అనేకులు ఇతరులు వ్రాసి ఇచ్చిన ప్రసంగాన్ని కంఠస్థం చేసి అప్పగిస్తారు. మధ్యలో ఒక్క వాక్యం జారితే మొత్తం జారుతుంది. ఆ పరాభవం ఏళ్ల తరబడి వెంటాడుతుంది. శ్లోకానికి, పద్యానికి కంఠస్థం భూషణం. ఉపన్యాసానికి కంఠస్థం చేయదగినది విషయక్రమమే గాని వాక్యాలు కావు.

తెలుగు విద్యార్థి విషయంలో ఈ భయానికి మరొక కారణం భాష. ఇంటిలో మాట్లాడే మాండలికం ఒకటి, తరగతిలో ఎదురుచూచే శిష్టభాష మరొకటి. శ, ష, సలు తారుమారైనా, ఒత్తక్షరం తేలిపోయినా వెనుక బల్లల నుండి నవ్వు వినవస్తుంది. ఒక్కొక్కప్పుడు ఆ నవ్వును అధ్యాపకుడే ఆరంభిస్తాడు. గిడుగు రామమూర్తి జయంతియైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకొనే విద్యాలయంలోనే ఈ నవ్వు వినిపించడం విడ్డూరం. ఉచ్చారణ దిద్దవద్దని దీని భావం కాదు. భాషోపాధ్యాయునికి శుద్ధోచ్చారణ అవశ్యం. కాని మాట సాగుతుండగా దిద్దితే ఆలోచన తెగుతుంది. మాట ముగిసిన తరువాత ఒకటి రెండు దోషాలను మాత్రమే ఎత్తిచూపితే ఉచ్చారణ నిలుస్తుంది, ధైర్యమూ నిలుస్తుంది.

చికిత్సకు క్రమం గూడ శాస్త్రంలోనే లభిస్తున్నది. వేదాధ్యయనం సంహితతో ఆరంభమై పద, క్రమ, జటాదుల మీదుగా ఘనకు చేరుతుంది. తొలినాడే ఘన చెప్పమని ఎవరూ అడగరు. మాట్లాడటానికీ అట్టి సోపానాలు కావాలి. మొదటిది పఠనం : కూర్చున్నచోటనే ఒక పద్యాన్ని పదచ్ఛేదంతో చదవడం. రెండవది అనుభాషణం : క్రితం నాటి పాఠంలోని ఒక అంశాన్ని సొంతమాటలలో తిరిగి చెప్పడం. న్యాయశాస్త్రంలో ప్రతివాది చెప్పినదానిని అనువదించలేకపోవడం ఒక నిగ్రహస్థానం. కనుక ఇది చిన్న పని కాదు, ఐనా కొత్త విషయం కల్పించనక్కరలేదు గనుక భయం తక్కువ. మూడవది వాదం : ఇద్దరు విద్యార్థులు ఒక వ్యాఖ్యాభేదాన్ని తీసికొని ముచ్చటించడం. గెలుపు కోసం చేసే జల్పం గాక తత్త్వనిర్ణయం కోసం చేసే వాదమే ఇక్కడ అభిలషణీయం. నాల్గవది ఉపన్యాసం : చీటీలో నాలుగు సూచనలు మాత్రమే వ్రాసికొని, లేచి, తరగతి ఎదుటికి వచ్చి మాట్లాడటం.

పాఠ్యప్రణాళిక పూర్తి కావడానికే వ్యవధి చాలడంలేదనే ఆక్షేపం తప్పక వస్తుంది. లెక్క చూచుకొంటే ఆ ఆక్షేపం నిలువదు. తరగతిలో 30 మంది ఉన్నారనుకొందాం. దినానికి ఇద్దరికి మూడేసి నిమిషాల వంతున 6 నిమిషాలు కేటాయిస్తే 15 పనిదినాలలో అందరికీ ఒక వంతు వస్తుంది. ఏడాదికి 180 పనిదినాలు జరిగినా ఒక్కొక్కరికి 12 పర్యాయాలు మాట్లాడే అవకాశం దొరుకుతుంది. మూడేళ్లలో 36 పర్యాయాలు. వంతు అందరికీ రావడం ఇక్కడ ముఖ్యం. తన వంతు ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిన విద్యార్థి సిద్ధపడతాడు. ఎప్పుడు లేపుతారో తెలియనివాడు తలవంచుకొని దాక్కొంటాడు.

ప్రాచీనపద్ధతిని శ్లాఘించేటప్పుడు దాని పరిమితిని మరువరాదు. వాక్యార్థసభలలోనూ, శాస్త్రచర్చలలోనూ నోరు విప్పే అధికారం నాడు కొద్దిమందికే ఉండేది. స్త్రీలకు, అనేక వర్గాలకు ఆ వాకిళ్లు మూసి ఉండేవి. నేటి ప్రాచ్యకళాశాల బల్లలపై కూర్చున్నవారిలో ఆ వాకిలి దాటిన తొలితరంవారు ఉన్నారు. వారి మౌనాన్ని మందబుద్ధిగానో, పిరికితనంగానో లెక్కించడం ఆ పాత వాకిలిని వేరొక రూపంలో మూయడమే అవుతుంది. స్వీకరించవలసినది శిక్షణక్రమాన్ని, విడువవలసినది అధికారభేదాన్ని.

విశ్వవిద్యాలయాలు ప్రాచ్యభాషల పరీక్షలలో మౌఖికానికి తగినన్ని మార్కులు కేటాయించడం సమంజసం. అంతవరకు వేచియుండనక్కరలేదు, ఆ ఆరు నిమిషాలకు ఏ ఉత్తరువూ అవసరం లేదు. నేడు వెనుక బల్లమీద మౌనంగా కూర్చున్న విద్యార్థి కొన్నేళ్లలో ఏదో ఒక పల్లెబడిలో తెలుగు పండితుడై నిలబడతాడు. అప్పుడు అతని ఎదుట గూడ ఒక వెనుక బల్ల ఉంటుంది. భీతం పాఠదోషమేనని, దిద్దితే పోతుందని తన అనుభవంలో ఎరిగినవాడు మాత్రమే ఆ బల్లమీది పిల్లవానిని లేపి, వాడు చెప్పేదాకా ఓపికతో వినగలడు.