ప్లేస్‌మెంట్ల వేళ కొత్త విండోసా? ముందు డ్రైవర్ల సంగతి చూడండి!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటి నుంచి ‘విండోస్ 11కి మారండి’ అన్న సందేశం చాలామంది విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో తరచూ కనిపిస్తోంది. మారడం తప్పు కాదు. కానీ ఎప్పుడు, ఏం చూసుకుని మారుతున్నామన్నదే అసలు ప్రశ్న. కంపెనీల ఆన్‌లైన్ టెస్టుకు రెండు రోజుల ముందు అప్‌గ్రేడ్ నొక్కి, తీరా టెస్టు విండో తెరిచాక ‘కెమెరా కనిపించడం లేదు’ అన్న మెసేజ్ చూస్తే పరిస్థితి ఏంటి? ఏడాదంతా ఆప్టిట్యూడ్, కోడింగ్ ప్రాక్టీస్ చేసిన విద్యార్థి, తన ప్రతిభతో సంబంధం లేని కారణానికి మొదటి రౌండ్‌లోనే ఆగిపోతాడు.

విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం చుట్టుపక్కల కాలేజీల్లో చదివే చాలామందికి ల్యాప్‌టాప్ అంటే అన్నయ్యో అక్కో వాడి ఇచ్చినదో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదో. ఇబ్బంది ఎక్కువగా వచ్చేది ఇలాంటి మెషీన్లకే. కాబట్టి దీన్ని చిన్న టెక్నికల్ సమస్య అని కొట్టిపారేయలేం. అవకాశం ఎవరికి దక్కుతుంది, ఎవరికి దక్కదన్న విషయం ఇందులో ఉంది.

డ్రైవర్ ఎందుకు మొరాయిస్తుంది?

ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, కెమెరా, వైఫై, సౌండ్, ప్రింటర్ లాంటి పరికరాలకూ మధ్య దుబాసీ పని చేసే ప్రోగ్రామే డ్రైవర్. దీన్ని రాసేది ఎక్కువగా ఆ పరికరాన్నో, చిప్‌నో తయారుచేసిన కంపెనీ. ఆపరేటింగ్ సిస్టమ్ నియమాలు మారినప్పుడు దుబాసీ కూడా మారాలి. మారకపోతే పరికరం బాగానే ఉన్నా పనిచేయదు.

ఇందుకు కారణాలు ప్రధానంగా మూడు. మొదటిది, భద్రతా నియమాలు. 64 బిట్ విండోస్‌లో పాత 32 బిట్ కెర్నల్ డ్రైవర్లు అసలు లోడ్ కావు. డిజిటల్ సంతకం లేని డ్రైవర్లనూ మామూలుగా అనుమతించదు. విండోస్ 11లో ‘మెమరీ ఇంటెగ్రిటీ’ అనే రక్షణ ఆన్‌లో ఉంటే మరికొన్ని పాత డ్రైవర్లు ఆగిపోతాయి.

రెండోది, తయారీ కంపెనీ పాత చిప్‌ను వదిలేయడం. ఈసీఈ, ట్రిపుల్‌ఈ విద్యార్థులు మైక్రోకంట్రోలర్ ప్రాజెక్టులకు వాడే యూఎస్‌బీ - సీరియల్ కేబుళ్లే ఇందుకు ఉదాహరణ. వాటిలో కొన్నింటిలో ప్రొలిఫిక్ కంపెనీ పీఎల్2303 చిప్ ఉంటుంది. పాత రకం చిప్ ఉన్న కేబుల్‌ను కొత్త విండోస్‌కు తగిలిస్తే, ఈ చిప్‌ను 2012లోనే ఆపేశామన్న సందేశం డివైస్ మేనేజర్‌లోనే వస్తుంది. కేబుల్ పాడవలేదు. దానికి డ్రైవర్ లేదు, అంతే.

మూడోది, కొత్త వెర్షన్‌లోనే ఉండే లోపం. 2024 అక్టోబరులో విండోస్ 11 24హెచ్2 వెర్షన్ వచ్చాక, ఈఎస్‌సీఎల్ పద్ధతిలో పనిచేసే కొన్ని యూఎస్‌బీ స్కానర్లు, మల్టీఫంక్షన్ ప్రింటర్లు కంప్యూటర్‌కు కనిపించకుండా పోయాయి. సరిచేసే దాకా మైక్రోసాఫ్ట్ అలాంటి కంప్యూటర్లకు ఆ అప్‌గ్రేడ్‌ను నిలిపివేసింది. ఆసుస్ కంపెనీ ఎక్స్415కేఏ, ఎక్స్515కేఏ మోడళ్లలో బ్లూ స్క్రీన్ వస్తుండటంతో వాటికీ కొన్నాళ్లు ఆపింది. అంటే అప్‌గ్రేడ్ రాలేదంటే మన కంప్యూటర్ పనికిరాదని కాదు, కొన్నిసార్లు మన మేలుకే ఆపి ఉంచుతారు.

ఇదేమీ ఇవాళ పుట్టిన సమస్య కాదు. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు ప్రపంచమంతా ఇదే తిట్టుకుంది. ఆ ఏడాది నమోదైన విస్టా క్రాష్‌లలో సుమారు 29 శాతానికి ఎన్విడియా డ్రైవర్లు కారణమన్న మైక్రోసాఫ్ట్ అంతర్గత లెక్క తర్వాత ఓ కోర్టు కేసులో బయటపడింది. అంత పెద్ద కంపెనీలకే తప్పని చిక్కు మనకు ఎదురైతే కంగారుపడాల్సిన పనిలేదు. ముందుగా సిద్ధమైతే చాలు.

అప్‌గ్రేడ్‌కు ముందు

నెలలోపు టెస్టుగానీ ఇంటర్వ్యూగానీ ఉంటే అప్‌గ్రేడ్ జోలికి వెళ్లకండి. విండోస్ అప్‌డేట్ సెట్టింగుల్లో ‘పాజ్’ ద్వారా ఐదు వారాల వరకు అప్‌డేట్లను ఆపుకోవచ్చు. విండోస్ 10 వాడుతున్నవారు భద్రత గురించి భయపడి పరుగెత్తక్కర్లేదు. ‘ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్’లో చేరితే 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగులను బ్యాకప్ చేసుకునేవారికి డబ్బు కట్టకుండానే చేరే దారి ఉంది.

మీ మెషీన్ విండోస్ 11కి సరిపోతుందో లేదో మైక్రోసాఫ్ట్ వారి ‘పీసీ హెల్త్ చెక్’ యాప్ చెబుతుంది. టీపీఎం 2.0, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉండాలి. ఇంటెల్ అయితే, కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. గవర్నర్‌పేట షాపుల్లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చూస్తున్నవారు ఈ చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి: ఐ5-7200యూ అంటే ఏడో తరం, ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం. ‘విండోస్ 11 వేసిస్తాం’ అన్నమాట ఒక్కటీ నమ్మి డబ్బు కట్టకండి. నిబంధనలను దాటవేసి వేసిన విండోస్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు.

మరో జాగ్రత్త. ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి వైఫై, కెమెరా, ఆడియో డ్రైవర్లను ముందే పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. వైఫై డ్రైవరే పోతే దాన్ని డౌన్‌లోడ్ చేయడానికి నెట్ ఉండదు కదా! అలాంటప్పుడు చాలాసార్లు ఫోన్ నుంచి యూఎస్‌బీ టెదరింగ్ ఆదుకుంటుంది.

మారాక ఏదైనా పనిచేయకపోతే

కెమెరా రాకపోతే ముందు ప్రైవసీ సెట్టింగుల్లో అనుమతి ఉందో లేదో, కెమెరాకున్న చిన్న షట్టర్ మూసి ఉందేమో చూడండి. అవి సరిగ్గానే ఉంటే డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు త్రికోణం ఉన్న పరికరం మీద నొక్కితే కోడ్ కనిపిస్తుంది. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు. కోడ్ 10 అంటే పరికరం మొదలుకాలేకపోతోంది. పేరు తెలియని పరికరమైతే డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడండి. వెండర్ నంబరు 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 10డీఈ అయితే ఎన్విడియా. డ్రైవర్ కోసం ఎక్కడికి వెళ్లాలో దాన్నిబట్టి తెలిసిపోతుంది.

కొత్త డ్రైవర్ వచ్చాకే సమస్య మొదలైతే ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కండి. అదీ కుదరకపోతే, అప్‌గ్రేడ్ చేసిన 10 రోజుల్లోపు రికవరీ సెట్టింగుల నుంచి పాత విండోస్‌కు తిరిగి వెళ్లొచ్చు. ఆ గడువు దాటనివ్వకండి. ‘అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో’ అని ఊరించే ఊరూపేరూ లేని సాఫ్ట్‌వేర్లు మాత్రం వద్దు. పాత మెషీన్‌కు లినక్స్ మంచి ప్రత్యామ్నాయమే. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి అన్నీ పనిచేస్తేనే వేసుకోండి. అయితే నిఘా ఉండే ఆన్‌లైన్ టెస్టులు కొన్ని లినక్స్‌లో నడవవు. టెస్టు సూచనలు ముందే చదవండి.

కాలేజీల బాధ్యత లేదా?

అంతా విద్యార్థి మీదే వేయడం న్యాయం కాదు. కటాఫ్ మార్కులు, బ్యాక్‌లాగ్‌లు అంత పక్కాగా లెక్కచూసే ప్లేస్‌మెంట్ సెల్, విద్యార్థి ల్యాప్‌టాప్ టెస్టుకు సిద్ధంగా ఉందో లేదో మాత్రం అడగదు. టెస్టుకు వారం ముందు కెమెరా, మైక్, నెట్‌తో ఓ నమూనా పరీక్ష పెట్టొచ్చు. ల్యాబ్‌లో కొన్ని కంప్యూటర్లు, నాలుగైదు యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లు అత్యవసరానికి ఉంచొచ్చు. సీనియర్లతో ఓ చిన్న సహాయ బృందం ఏర్పాటు చేయొచ్చు. వీటికయ్యే ఖర్చు ఓ సెమినార్ బ్యానర్లు, శాలువాల ఖర్చును మించదు. కొడుకో కూతురో అడిగారని అప్పుచేసి కొత్త ల్యాప్‌టాప్ కొనే రైతు కుటుంబానికి అది ఎంత ఊరటో ఆలోచించండి.

ఈ చిక్కులోనే ఉద్యోగమూ ఉంది

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. మన దేశంలోనూ కొన్ని విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అంత నష్టానికి మూలం కెర్నల్ స్థాయిలో నడిచే ఒక డ్రైవర్‌కు అందిన లోపభూయిష్టమైన ఫైలు. ఈ పొరను అర్థం చేసుకున్నవారి విలువ ఏంటో ఆ రోజు తెలిసింది.

వెబ్ డెవలప్‌మెంట్ కోర్సుల వెంట అందరూ పరుగెడుతున్నారు. సీ భాష, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ సిలబస్‌లో ఉన్నా పరీక్షతోనే వదిలేస్తున్నారు. మైక్రోసాఫ్ట్, క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్ లాంటి సంస్థల కార్యాలయాలు పక్కనే హైదరాబాద్‌లో ఉన్నాయి. డ్రైవర్లు రాయడం, పరీక్షించడం ఇలాంటి సంస్థల నిత్యకృత్యం. అక్కడిదాకా వెళ్లేలోపు డెస్క్‌టాప్ సపోర్ట్, టెస్టింగ్ ఉద్యోగాల్లోనూ ఈ జ్ఞానం అక్కరకొస్తుంది. లినక్స్‌లో ఓ చిన్న కెర్నల్ మాడ్యూల్ రాసి లోడ్ చేయడంతో మొదలుపెట్టండి. మీ ల్యాప్‌టాప్‌లో వచ్చిన సమస్యను ఏ కోడ్ చూసి, ఏ క్రమంలో పరిష్కరించారో రాసిపెట్టుకోండి. ‘మీరు ఎదుర్కొన్న టెక్నికల్ సమస్య చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే, బట్టీపట్టిన ప్రాజెక్టు కంటే ఆ సమాధానానికే బరువెక్కువ.