గిలక మ్రోగినప్పుడు
అమెరికాలోని ఆరిజోనా కొండదారుల వెంట వసంతకాలపు ఎండలో నడచుచు ప్రకృతిశోభను అనుభవించు పాదచారికి రాటిల్‌స్నేక్ అను విషసర్పము ఎదురగుట వింత కాదు. మన గోళ్ల పదార్థముతోనే ఏర్పడి, కుబుసము విడిచిన ప్రతిసారి ఒక్కొక్క పూస చొప్పున పెరుగుచు, బెదిరినప్పుడు బరబర మ్రోగు తోక గిలకతో తన ఉనికిని తానే చాటి, తొలగిపొమ్మని హెచ్చరించు ఆ ప్రాణిని వైరిగా నెంచి మనుష్యుడు రాయి చేపట్టుటయే నాకు మిక్కిలి వింతగను, బాధాకరముగను తోచుచున్నది. ఆ దేశమున ఏటా ఏడెనిమిది వేలమంది విషసర్పముల కాటునకు గురియగుచున్నను మరణించువారు సుమారు ఐదుగురే. కాట్లలో అనేకములు పామును పట్టబోయిన చేతులకు, చంపబోయిన చేతులకు తగిలినవే. అట్టియెడ టెక్సస్‌లోని స్వీట్‌వాటరులో 1958 నుండి సాగుచున్న వార్షికోత్సవమున ఈ పాములను రాసులుగా పోసి, జనసమూహము చూచుచుండగా తలలు నరికి తోలు ఒలుచుటను వినోదమని యెట్లు అంగీకరింతుము? పామును చంపుటకు మారుగా మనమే జాగ్రత్త వహింపవలెను. అన్ని వేళల గిలక మ్రోగదు గనుక, కంటికానని రాతిసందున చేయి పెట్టక, పొదల నడుమ చూచి అడుగిడవలెను. మ్రోగినచో నిలిచి, పాము ఎచట నున్నదో కనుగొని, మెల్లగా వెనుకకు జరిగి దానికి దారి విడువవలెను. దైవవశమున కాటు పడినచో, గాయమును కోయుట, నోట విషము పీల్చుట, కట్టు బిగించుట అను పాత పద్ధతుల జోలికి పోక, వాపు రాకమున్నే ఉంగరములు తీసి, విషహరమగు మందు లభించు ఆసుపత్రికి తక్షణమే చేరవలెను.